గుండెలో మర్మం

“ఆషాఢంలో పిల్ల పుట్టింటికి పోయింది, జ్వరం దిగింది. శ్రావణంలో పిల్ల గడప తొక్కింది, జ్వరం మళ్ళీ ఎక్కింది. ఇంక డాక్టర్లెందుకురా వెంకటప్పయ్యా? లెక్క కళ్ళెదుటే ఉందిగా.”

వసారాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ పుల్లమ్మ అన్న ఈ మాట గోడ దాటి, వంటింట్లో బార్లీనీళ్ళు కాస్తున్న సరోజిని చెవిలో పడింది. చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఆ ‘పిల్ల’ తనే! గడప తొక్కింది తనే! లోపలి గదిలో మూలుగుతున్న అత్తయ్య అనసూయమ్మ జ్వరానికి తన పాదమే కారణమని మామయ్యగారి అక్క తీర్పు చెప్పేసింది... పైకి చూస్తే పుల్లమ్మ చెప్పిన లెక్కలో అబద్ధం లేదు!

జ్యేష్ఠమాసంలో పెళ్ళి. బాపట్లలో బి.ఏ. చదివిన సరోజిని, రేపల్లెలో సహకార బ్యాంకు గుమాస్తా హనుమంతరావు చిటికెనవేలు పట్టుకుని ఈ ఇంటికి వచ్చింది. రైలు పట్టాలు అయిపోయే ఊళ్ళో కాపురమని ఆమెకు ఎంత సంబరమో! ఇక్కడినుంచి రైలు ముందుకు పోదు. వచ్చిన రైలే మళ్ళీ తెనాలి వైపు తిరుగుతుంది. పొద్దున్నే ఆ కూత వినపడితే భర్త జబ్బ గిల్లి లేపి “మన రైలు వచ్చేసిందండీ” అనేది, ఆ రైలును వాళ్ళిద్దరూ కలిసి కొనుక్కున్నట్టు. పేరు చెక్కించిన స్టీలు డబ్బాలను ఎత్తుల ప్రకారం సర్దుకోవడం ఒక సంతోషం. సాయంత్రం అతను అరిటాకులో చుట్టి తెచ్చిన మల్లెమొగ్గలు విచ్చేలోపే మాలకట్టి జడలో పెట్టుకోవడం ఒక సంతోషం. బ్యాంకుకు వెళ్ళేటప్పుడు వీధి మలుపులో అతను వెనక్కి తిరిగి చూస్తాడా చూడడా అని కిటికీ దగ్గర నిలబడడం ఇంకొకటి... అతను చూసేవాడు!

ఆ సంతోషాల మధ్య ఒక్కటే ముల్లు. అత్తయ్య తనను చూసి నవ్వేది కాదు. కోప్పడేదీ కాదు, పని పురమాయించేదీ కాదు, కడుపునిండా అన్నం పెట్టేది. కానీ నవ్వేది కాదు. పెళ్ళి ఫోటోల్లో అందరూ పళ్ళికిలిస్తూ ఉంటే ఆవిడ ఒక్కతే పెదవులు బిగించుకుని, దవడ పక్కకు తిప్పుకుని ఉంది. తను నచ్చలేదేమో! ఆల్బం చూసినప్పుడల్లా సరోజిని ఆ పేజీ దగ్గర ఆగి, గబుక్కున తిప్పేసేది.

పెళ్ళయిన కొన్నాళ్ళకే అనసూయమ్మకు సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడడం మొదలైంది. సందు చివర ఆర్.ఎం.పి. డాక్టరు మలేరియా అన్నాడు, తర్వాత టైఫాయిడ్ అన్నాడు. ఆషాఢంలో అత్తాకోడళ్ళు ఒక గడపలో ఉండకూడదని సరోజిని బాపట్ల వెళ్ళింది. సరిగ్గా ఆ నెలలోనే ఆ డాక్టరు వరసబెట్టి ఇంజక్షన్లు చేశాడు. జ్వరం తగ్గింది, ఇంజక్షన్లు ఆపేశారు. శ్రావణం రాగానే, తన మొదటి వరలక్ష్మీ వ్రతం అత్తగారింట్లోనే చేసుకోవాలని చీర, చలిమిడి పట్టుకుని సరోజిని ఉత్సాహంగా దిగింది. వచ్చిన వారంలోనే అనసూయమ్మ మళ్ళీ దుప్పటి కప్పుకుంది...

ఇంజక్షన్ల సంగతి పుల్లమ్మ లెక్కలోకి రాలేదు. కోడలి రాకపోకలే వచ్చాయి. మొగుడు పోయాక తమ్ముడి పంచకు చేరిన మనిషి ఆవిడ. తన చిన్నకూతుర్ని హనుమంతరావుకు చేసుకోవాలని ఎన్నేళ్ళుగానో ఆశపడింది. మేనరికం వద్దని, బాపట్ల సంబంధమే ఖాయమని పట్టుపట్టింది అనసూయమ్మేనని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ పిల్లకు తర్వాత వేటపాలెం సంబంధం కుదిరి సుఖంగానే ఉంది గాని, పుల్లమ్మ కడుపులో మంట మాత్రం చల్లారలేదు.

సరోజినికి కాలు నిలవడం లేదు. గదిలోకి వెళ్ళి అత్తయ్య నుదురు తాకుతుంది, వంటింట్లోకి వస్తుంది, మళ్ళీ వెళ్తుంది. ధర్మామీటరు విదిలించి విదిలించి మణికట్టు నొప్పి. నిన్నటిదాకా మణికట్టుకు పట్టి ఉన్న అత్తయ్య గాజులు ఇప్పుడు చెయ్యి ఎత్తితే మోచేతిదాకా జారుతున్నాయి. బావి దగ్గరనుంచి వంటింటికి వచ్చేలోపు ఆయాసంతో స్తంభం పట్టుకుంటోంది. మొన్న పూలు కడుతూ ఉన్నట్టుండి “అబ్బా” అని వేలు వెనక్కి తీసుకుంది. సరోజిని చూస్తే వేలికొసన ఎర్రగా, ముట్టుకుంటే నొప్పిగా ఒక చిన్న బుడిపె. సూది గుచ్చుకుందేమో అనుకుందామంటే ఆ రోజు చేతిలో సూదే లేదు. ఇది టైఫాయిడ్ కాదు, ఇంకేదో ఉంది... ఏంటది? ఎవరికి చెప్పాలి? చెబితే, ‘తన పాదం తప్పు కప్పిపుచ్చుకోవడానికి చెబుతోంది’ అంటారేమో!

ఆ సాయంత్రం భర్త సైకిలు దిగీ దిగకముందే ఎదురువెళ్ళింది. తెనాలిలో పెద్ద డాక్టరుకు చూపించేదాకా తను అన్నం ముట్టనని చెప్పేసింది. అతను మల్లెపూల పొట్లం చేతిలో పెడితే అది కూడా తీసుకోలేదు. పొలంలో నాట్లు నడుస్తున్నాయని మామయ్యగారు నసిగినా, మర్నాడు హనుమంతరావు సెలవు పెట్టాడు.

పొద్దుటి ప్యాసింజరులో ముగ్గురూ బయల్దేరారు. కిటికీ పక్కన భర్త భుజం తగులుతూ కూర్చోవడం, కొత్త నాట్లతో పచ్చగా వెనక్కి పరిగెత్తే చేలు, చల్లగాలి... ఒక్క క్షణం సరోజిని మనసు గాలిపటంలా ఎగిరింది. ఎదుటి బల్ల మీద అత్తయ్య శాలువా కప్పుకుని వణుకుతోంది. ఛీ, నాకేంటి ఈ సంబరం అని తనను తనే తిట్టుకుని, లేచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది.

డాక్టరు ప్రేమకుమారి నడివయసు మనిషి. మెడలో సన్నటి గొలుసుకు చిన్న సిలువ, మాటలో మెత్తదనం. స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. పక్కకు తిప్పి విన్నది, ఊపిరి బిగబట్టమని విన్నది. కళ్ళ కింది రెప్పలు, గోళ్ళు, ఆ వేలికొస చూసింది. చిన్నప్పుడు ఎప్పుడైనా కీళ్ళు వాచి జ్వరం వచ్చిందా అని అడిగింది. చేబ్రోలులో తన చిన్నతనంలో మోకాళ్ళు వాచి బడి మానేసిన సంగతి అనసూయమ్మ చెప్పింది. ఈ నాలుగైదు నెలల్లో పన్ను గాని పీకించుకున్నారా, పుండు గాని, ఆపరేషను గాని ఏమైనా జరిగిందా అని డాక్టరమ్మ మళ్ళీ అడిగింది.

అనసూయమ్మ నేల చూపులు చూస్తూ “లేదండి” అంది.

డాక్టరమ్మ తెర ఇవతలికి వచ్చి హనుమంతరావుతో మాట్లాడింది. “గుండెలో మర్మర్ ఉందండి. గట్టిగానే ఉంది. లోపల ఏముందో మిషన్లో చూస్తే తెలిసిపోతుంది. గుంటూరులో ఉంది మిషను.”

మర్మర్ అంటే ఏంటండీ అని సరోజిని అడిగితే, గుండెలో రక్తం సాఫీగా పారనప్పుడు వచ్చే చప్పుడని చెప్పింది. గుండె తలుపులకు పురుగు పట్టిందని తన అనుమానమంది. ఈ రోజే చేర్చేయమంది. ఇంజక్షన్లు ఇప్పటికే పడ్డాయి కాబట్టి రక్తపరీక్షలో ఆ పురుగు దొరక్కపోవచ్చు. అది ఏ దారిన లోపలికి వచ్చిందో తెలిస్తే ఏ మందు వాడాలో కొంతైనా తేలుతుంది. ఆలస్యమైతే గుండె దెబ్బతింటుంది, ఆ పైన చేసేదేమీ ఉండదు... ఈ మాటలన్నీ ఆవిడ గొంతు తగ్గించి చెప్పింది.

తెర తొలగింది. అనసూయమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. రవిక గుండీలు పైవి కిందికి పెట్టేసుకుంది. కొడుకు వంక చూడకుండా, డాక్టరమ్మ వంక చూడకుండా, చెప్పులు కూడా తొడుక్కోకుండా గుమ్మం దాటేసింది.

“నేను ఇంటికి పోతాను. నాకే మిషన్లూ వద్దు. ఈ డాక్టరమ్మ దగ్గరికి ఇంకోసారి తీసుకొచ్చారంటే రైల్లోంచి దూకుతాను.”

బతిమాలారు. హనుమంతరావు కోప్పడ్డాడు కూడా. సరోజిని స్టేషనులో నేల మీద కూర్చుని ఆవిడ మోకాళ్ళు పట్టుకుంది. రాయిలా ఉన్న ఆ మొహంలో ఒక్క గీత కదల్లేదు. నాలుగడుగులు వేస్తే ఆయాసపడే మనిషికి అంత పంతం ఎక్కడినుంచి వచ్చిందో!

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో సరోజినికే తెలియదు. ఒక చోట కూర్చోలేదు, ఒక పని పూర్తిచేయలేదు. బియ్యం కడుగుతూ కడుగుతూ లేచిపోయేది. పాలు పొంగిపోయేవి. ఎస్టీడీ బూతుకు వెళ్ళి బాపట్ల పక్కింటివాళ్ళకు ఫోను చేయించి, అమ్మ గొంతు వినపడగానే ఏమీ చెప్పలేక పెట్టేసింది. రాత్రిళ్ళు అత్తయ్య దగ్గు వినపడితే గుండె జారిపోయేది, వినపడకపోతే ఇంకా జారిపోయేది. డాక్టరమ్మ చెప్పిన మాట... ఆలస్యమైతే... ఆలస్యమైతే...

వ్రతం ఇంకా మూడు రోజులు ఉందనగా పుల్లమ్మ మళ్ళీ పంచాయితీ పెట్టింది. ఈ శ్రావణం కూడా పిల్లను బాపట్ల పంపించి చూద్దామంది. పిల్ల మీద తనకు ఏ కోపమూ లేదంది, ఇంటి ఇల్లాలు దక్కాలి గదా అంది. వెంకటప్పయ్య తలవంచుకుని చుట్ట వెలిగించుకున్నాడు. హనుమంతరావు మాత్రం లేచి నిలబడి, తను పంపనంటే పంపనన్నాడు. “నీకు పెళ్ళాం కావాలి, అంతేగా? అమ్మ లేకపోయినా గడుస్తుంది. నేనూ చూస్తున్నాగా, మలుపు తిరిగేలోపు నీ మెడ ఎన్నిసార్లు తిరుగుతుందో” అంది పుల్లమ్మ. ఆ దెబ్బకు అతను మొహం తిప్పుకుని సైకిలు తీశాడు. చాటున విన్న సరోజిని ఒళ్ళంతా కుంచించుకుపోయింది. తన కిటికీ సంతోషం కూడా ఒక నేరమైపోయింది...

ఆ మధ్యాహ్నం తనే పెట్టె సర్దుకుంది. ఎవరూ పొమ్మనకముందే పోవడం మేలు. కానీ ఊరికే పోదు! చీరలు మడతపెడుతూండగానే ఆ ఆలోచన వచ్చింది. పెట్టె మూసి, కొంగు నడుముకు బిగించి, అత్తయ్య గదిలోకి వెళ్ళి మంచం కోడు పట్టుకుని నిలబడింది.

“అత్తయ్యా, నేను బాపట్ల వెళ్ళిపోతున్నాను. రమ్మనేదాకా రాను. వ్రతానికి రాను, పండక్కి రాను. మీరు మాత్రం తెనాలి వెళ్ళండి. నేను వెళ్తే మీరు వెళ్తారా? అది చెప్పండి.”

అనసూయమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. భుజాలు కదులుతున్నాయి. ఇటు తిరిగింది. కళ్ళు నీటికుండల్లా ఉన్నాయి.

“నువ్వెందుకు వెళ్ళాలే అమ్మాయ్... తప్పు చేసింది నేనైతే. ఆ డాక్టరమ్మ కనిపెట్టేసింది. అబ్బాయితో చెప్పింది, నేను తెర చాటునుంచి విన్నాను. గుండెలో మర్మం ఉంది, గట్టిగానే ఉంది, మిషన్లో చూస్తే లోపల ఏముందో తెలిసిపోతుంది అని. అది బయటపడితే ఈ ఇంట్లో నీ బతుకేం కావాలి? అందుకే రానన్నాను.”

సరోజినికి మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో ఆమెకే తెలియలేదు, రెండూ కలిసే వచ్చాయి!

“మర్మం కాదు అత్తయ్యా! మర్మర్. మర్మర్ అన్నారు. ఇంగ్లీషు మాట. గుండెలో చప్పుడని దానర్థం. రక్తం చేసే చప్పుడు.”

“చప్పుడా?”

“చప్పుడే.”

అనసూయమ్మ మెల్లగా లేచి కూర్చుంది. “అయితే ఆవిడకి తెలియదన్నమాట” అంది.

“ఏంటత్తయ్యా తెలియనిది?”

ఆవిడ గుమ్మంవైపు చూసింది. ఎవరూ లేరని చూసుకుని, కోడలి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని చెప్పడం మొదలుపెట్టింది. పెళ్ళికి పసుపు దంచిన రోజున ఆవిడ దవడ పన్ను సలపడం మొదలైందట. మర్నాటికి చెంప ఉబ్బి, చిగుళ్ళనుంచి నెత్తురు. పసుపు దంచి పెళ్ళిపనులు మొదలుపెట్టాక పెళ్ళికొడుకు తల్లి నోట నెత్తురు పడితే అది మంచి శకునం కాదని పుల్లమ్మ పట్టింపు. బంధువుల్లో ఎవరి పెళ్ళినో అలాగే ఆపించిందని వెంకటప్పయ్యే ఒకసారి చెప్పాడు. ఈ పెళ్ళి ఎలా ఆగుతుందా అని పుల్లమ్మ ఎదురు చూస్తోందని అనసూయమ్మకు తెలుసు. శుభలేఖలు పంచే వంకన ఒక్కతే చెరుకుపల్లి బస్సెక్కింది. అక్కడ పన్ను పీకించుకుంది. దూది, లవంగం పుక్కిట పెట్టుకుని ఇంటికి వచ్చి ఆ సాయంత్రమే లడ్డూలు చుట్టింది. పెళ్ళి నాడు కూడా పుక్కిట్లో దూది ఉంది. నోరు తెరిస్తే ఎక్కడ ఎర్రగా కనపడుతుందోనని పెదవి విప్పలేదు...

“ఫోటోల్లో...” అంది సరోజిని.

“నువ్వు పీటల మీద కూర్చుని బొట్టుపెట్టె కింద పడేసుకుని కిలకిలా నవ్వావు చూడు. నాకూ నవ్వొచ్చింది. ఎంత కష్టపడి ఆపుకున్నానో నాకే తెలుసు. తర్వాతేమో నవ్వితే పన్ను లేని సందు వదిన కంట పడుతుందని భయం. ఆవిడకి తెలిస్తే, అపశకునం మీద జరిగిన పెళ్ళంటుంది. ఇంక నీకు ఈ ఇంట్లో ముద్ద దిగనిస్తుందా? చెప్తే అదీ. చెప్పకపోతే నీ పాదమంటోంది. ఎటూ పాలుపోలేదే నాకు.”

సరోజిని ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. నచ్చలేదనుకుంది! ఇన్నాళ్ళూ, ఆల్బంలో ఆ పేజీ తిప్పేసి... ఈ తల్లి తన నోరు తనే కుట్టేసుకుని కాపాడుకొస్తుంటే, నవ్వలేదని చిన్నబుచ్చుకుంది! ఏడుపు మధ్యలో ఉలిక్కిపడి తలెత్తింది. పన్ను! డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకటి అదే కదా! ఏ దారిన వచ్చిందో తెలిస్తే మందు తేలుతుందన్నారు కదా!

ఒక్క ఉదుటున వసారాలోకి పరిగెత్తింది. భోజనానికి వచ్చిన భర్తకు, చుట్ట కాలుస్తున్న మామయ్యకు ఏం చెప్పిందో, ఎలా చెప్పిందో, పన్నని, పురుగని, దారి దొరికిందని... పుల్లమ్మ చేటలో బియ్యం వదిలేసి లేచింది. కోడలికి ఇప్పుడు పిచ్చి కూడా పట్టిందా అంది.

అప్పుడు గుమ్మంలో అనసూయమ్మ కనిపించింది. ద్వారబంధం రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ఆయాసం తీర్చుకుని, ఒక్కొక్క మాటే తీసి ముందు పెట్టింది.

“వదినా, నాకీ జబ్బు కోడలు మన గడపలోకి రాకముందే వచ్చింది. చెరుకుపల్లిలో పన్ను పీకించుకున్ననాడే వచ్చింది. పిల్ల పాదాన్ని ఇంకో మాట అనొద్దు.”

“పసుపు దంచాక? పసుపు దంచాక నెత్తురు కళ్ళజూశావా అనసూయా?”

“చూశాను. ఈ పిల్ల కోసమైతే మళ్ళీ అయినా చూస్తాను.”

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆడబిడ్డకు ఆవిడ ఎదురు చెప్పడం అదే మొదలు. వెంకటప్పయ్య చుట్ట నేలకేసి రుద్ది ఆర్పాడు. గోడకున్న చొక్కా తీసి తొడుక్కుంటూ, కొడుకును రిక్షా పిలవమన్నాడు. నాట్ల సంగతి పుల్లమ్మ గుర్తుచేయబోతే, “నాట్లు నువ్వు వేయించు అక్కా” అన్నాడు.

సర్దిన పెట్టె సర్దినట్టే ఉంది. సరోజిని దాన్నే పట్టుకుని తెనాలి బయల్దేరింది.

డాక్టరమ్మ పన్ను సంగతి విని, ఒక్క నిమిషం అనసూయమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంది. కోప్పడలేదు. వెంటనే రక్తం తీయించింది, చేతి నరానికి సూది పెట్టించింది. నోటి పురుగుకు పెన్సిలిన్ సరైన మందంది. మర్నాడు టాక్సీలో గుంటూరు తీసుకువెళ్ళారు. దారిలో చేబ్రోలు వచ్చినప్పుడు అనసూయమ్మ తల కొంచెం ఎత్తి చూసి, పడుకుంది. మిషను పరీక్షలో అనుకున్నదే కనపడింది. గుండెలో ఒక తలుపుకు చిన్న చిన్న గడ్డల్లా ఏవో వేలాడుతున్నాయి. ఆ తలుపు సరిగా మూసుకోవడం లేదు.

తిరిగి వచ్చాక డాక్టరమ్మ వెంకటప్పయ్యను ఎదురుగా కూర్చోబెట్టుకుని విడమర్చి చెప్పింది. గుండెలో గదికీ గదికీ మధ్య రెక్క తలుపులుంటాయి, రక్తాన్ని ముందుకే పోనిస్తాయి. చిన్నప్పటి కీళ్ళజ్వరం ఒక తలుపును కొద్దిగా గరుకుచేసి వదిలిపెట్టింది. ఇన్నేళ్ళూ ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. పన్ను పీకినప్పుడు నోట్లో పురుగు రక్తంలోకి దిగి, ఆ గరుకు మీద పట్టు దొరికించుకుని గూడు కట్టింది, అంచు కొరికింది. ఇప్పుడు కొట్టిన ప్రతిసారీ కొంత రక్తం వెనక్కి కారుతోంది. ఆర్.ఎం.పి. ఇంజక్షన్లకు పురుగు నిద్రపోయింది గాని చావలేదు. అవి ఆపగానే మళ్ళీ లేచింది. ఆషాఢానికీ శ్రావణానికీ ఉన్న సంబంధమంతా అదే!

వెంకటప్పయ్య శ్రద్ధగా విన్నాడు. “మా మురుగుకాలవ చివర సముద్రం వైపు తలుపులుంటాయండి. పోటు వస్తే మూసుకోవాలి. ఒక్క తలుపు చెడిందంటే ఉప్పునీళ్ళు ఎగదన్ని చేలల్లోకి వచ్చేస్తాయి. అంతేనా అండి?”

“అంతేనండి.”

“తలుపు మార్చొచ్చా?”

మార్చవచ్చు గాని ముందు పురుగు చావాలంది. అప్పటికీ గుండె అలసిపోతుంటే మద్రాసో హైదరాబాదో వెళ్ళి ఆపరేషను చేయించాలి. ఈ నెలా నెలన్నర మాత్రం గండమే. గూటిలో ముక్క ఊడి రక్తంలో కొట్టుకుపోయి మెదడుకు తగిలినా తగలవచ్చు. ఏ మాటా దాచకుండా చెప్పేసింది. వెంకటప్పయ్య గదిలోకి వచ్చి, జీవితంలో మొదటిసారి నలుగురూ చూస్తుండగా భార్య మంచం మీద కూర్చుని, సూది లేని చేతిని తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆ నెలన్నరా సరోజిని ఆ గదిలోనే ఉంది. ఆస్పత్రి వరండాలో ఈ చివరినుంచి ఆ చివరికి నడిచేది. అత్తయ్య మాట కొంచెం తడబడినా, కళ్ళు కొంచెం మూతపడినా ‘ముక్క ఊడిందేమో’ అని వణికిపోయి నర్సును పిలిచేది. ఒకసారి అనసూయమ్మ ఉట్టినే ఆవులించినందుకు నర్సును పరిగెత్తించి చీవాట్లు తిన్నది. వరలక్ష్మీ వ్రతం శుక్రవారం వచ్చింది, వెళ్ళింది. ఆ ఉదయం కిటికీ గూట్లో చిన్న పటం పెట్టి రెండు పూలు వేసి, “తల్లీ, నైవేద్యం వచ్చే ఏడు పెడతాను, ఈ ఏడు ఈవిణ్ణి ఇయ్యి” అని చేతులు జోడించింది.

అంత దిగుల్లోనూ, ఆ పిల్ల స్వభావం, ఏదో ఒక సంతోషం ఏరుకొచ్చేది. ఆదివారాలు భర్త ప్యాసింజరులో క్యారియరు పట్టుకుని వచ్చేవాడు. బయట వేపచెట్టు కింద బల్ల మీద కూర్చుని ఇద్దరూ ఒకే కప్పు కాఫీ సాసరులో పంచుకు తాగేవారు. అతను కొత్తగా నేర్చుకున్న వంటల గొప్పలు చెప్పేవాడు. పప్పు మాడిందని సరోజిని వాసన చూసి చెప్పేది. లోపలికి వచ్చి అత్తయ్యతో ఆ కబుర్లన్నీ నటించి చూపిస్తే, ఆవిడ నవ్వేది. నోరారా, పన్ను లేని సందు కనపడేలా నవ్వేది! డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టినప్పుడల్లా, “చూడండి డాక్టరుగారూ, ఇంకా ఏమైనా మర్మాలు దాచిందేమో మా అత్తయ్య” అని సరోజిని అనడం, “నువ్వు వచ్చాక దాచనిస్తావా” అని ఆవిడ అనడం ఆ వార్డులో అందరికీ అలవాటైపోయింది.

జ్వరం మెట్టు దిగినట్టు ఒక్కొక్క గీతే దిగింది. మధ్యలో ఒక రాత్రి మళ్ళీ ఎక్కి అందరి ప్రాణాలూ తోడేసింది. మందు మోతాదు పెంచారు. ఆ తర్వాత దిగింది, మళ్ళీ ఎక్కలేదు. ఆకలి పుట్టింది. ఒక మధ్యాహ్నం ఆవకాయ అడిగితే డాక్టరమ్మ ఉప్పు వద్దని తిట్టింది. ఆ మధ్యాహ్నమే అత్తాకోడళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి చివరి మాట కూడా చెప్పింది. పురుగు చచ్చింది. కానీ కొరికిన తలుపు కొరికినట్టే ఉంటుంది, ఆ కారడం ఆగదు. నెలనెలా ఇంజక్షను వేయించుకోవాలి. బిందెలు మోయకూడదు. ఇంకెప్పుడైనా పన్ను పీకించాలంటే ముందుగా మందు వేసుకోవాలి. ఎన్నేళ్ళండి అని అనసూయమ్మ అడిగింది. “జాగ్రత్తగా ఉంటే... చాలా ఏళ్ళు” అంది డాక్టరమ్మ. ఆ ‘చాలా’కు ముందు ఆగిన ఆ కాస్త సమయాన్ని ఇద్దరూ విన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

డాక్టరమ్మ వెళ్ళిపోయాక అనసూయమ్మ, “పోనీలేవే, వంటిల్లు నీకు అప్పగించేస్తే నాకు మాత్రం పనేముంది. కూర్చుని మీ ఇద్దరి చేతి మాడుపప్పు తింటాను” అంది. సరోజిని ఏదో చెప్పబోయింది. చెబుతూ చెబుతూనే, ఇన్ని వారాలుగా రెప్ప కలపని ఆ పిల్ల, మంచం పక్క కుర్చీలో అలాగే వెనక్కి వాలి నిద్రపోయింది. కరెంటు పోయింది, ఫ్యాను ఆగింది. ఆమెకు తెలియలేదు.

అప్పుడు వరండాలో గట్టిగా మాటలు వినపడ్డాయి. ఎప్పుడూ ఒంటరిగా రైలెక్కని పుల్లమ్మ, చేతిలో క్యారియరుతో, ఏ గదో ఏంటో చెప్పేవాడే లేడని నర్సుల మీద విసుక్కుంటూ గుమ్మంలోకి వచ్చింది. నాట్లు వేసిన మడిలో నారు ఊడిపోయిన సంగతి, కూలీలు రాని సంగతి, తమ్ముడూ మేనల్లుడూ వంటింటిని సంతలా చేసిన సంగతి ఒకేసారి చెప్పబోయింది.

అనసూయమ్మ వేలు పెదవి మీద పెట్టుకుంది.

“మెల్లగా వదినా. పిల్ల పడుకుంది.”

పుల్లమ్మ అక్కడే ఆగింది. కుర్చీలో ఒరిగిన మొహం చూసింది. చెంపలు లోపలికి పోయి, కళ్ళ కింద నలుపు. పెళ్ళిపీటల మీద చూసిన మొహమేనా ఇది? జడ చిక్కులు పడి ఉంది. నుదుటి మీద చెమట. చప్పుడు కాకుండా క్యారియరు కిందపెట్టి, మంచం చివర కూర్చుంది. గొంతు తగ్గించి అడిగింది.

“ఎప్పుడు తీసుకొస్తారంట ఇంటికి?”

“నన్నా? వచ్చే సోమవారం అంటున్నారు.”

“నీ సంగతి సరే...” పుల్లమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. “పిల్లని అడుగుతున్నా. ఇల్లు చిన్నబోయింది.”

అనసూయమ్మ ఆడబిడ్డ వైపు చూసి తృప్తిగా కళ్ళు మూసుకుంది. పుల్లమ్మ అటూ ఇటూ చూసి, గూట్లో ఉన్న వారపత్రిక తీసి రెండుగా మడిచి, సరోజిని నుదుటి దగ్గర విసరడం మొదలుపెట్టింది. కరెంటు ఎప్పుడు వచ్చిందో, పైన ఫ్యాను ఎప్పుడు తిరగడం మొదలైందో... ఆవిడ చెయ్యి మాత్రం ఆగలేదు.